గుర్రానికి మార్కులేసే కంప్యూటర్

రేటింగ్ అన్న మాట మనకి కొత్తేం కాదు. బిర్యానీ ఆర్డర్ పెట్టే ముందు హోటల్ రేటింగ్ చూస్తాం. కోడ్‌ఫోర్సెస్‌లో కాంటెస్ట్ అయ్యాక రేటింగ్ పడిపోయిందని ఆ పూట మెస్‌కి రాని మహానుభావులు మన క్లాసులోనే ఉన్నారు. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ చెస్ జాబితాలో 2801కి చేరితే, ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడని మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం.

ఈ మధ్య ఇంకో రకం రేటింగ్ మన ఫోన్లలోకి వస్తోంది. "ఏఐ రేటింగ్, రేపటి మలక్‌పేట రేసు, పక్కా" అనే తరహా మెసేజ్‌లు. ఇంటి దగ్గర మిర్చి అమ్మి సెమిస్టర్ ఫీజుకని పంపిన డబ్బు ఇలాంటి లెక్క నమ్మి పోగొట్టుకున్నవాళ్లు మా హాస్టల్లో ఉన్నారు. వాళ్లలో ఒకడు నన్ను అడిగిన ప్రశ్న ఇది: "నువ్వు సీఎస్‌ఈ కదా, చెప్పు. కంప్యూటర్ నిజంగా చెప్పగలదా, లేదా?"

"చెప్పలేదు" అనేస్తే తేలిగ్గా అయిపోతుంది. కానీ అది అబద్ధం. కంప్యూటర్ చాలా వరకు చెప్పగలదు. అయినా డబ్బులు పోతాయి. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు మలక్‌పేట సంగతి

ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా ఎంజీబీఎస్ వెళ్లే బస్సు దిల్‌సుఖ్‌నగర్ దాటాక మలక్‌పేట మీదుగానే పోతుంది. అక్కడే హైదరాబాద్ రేస్ క్లబ్ ఉంది. అంతకుముందు మౌలాలీ దగ్గర జరిగే పందేలని 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఇక్కడికి మార్చారు. వానాకాలం ఒక సీజన్, చలికాలం ఒక సీజన్. డెక్కన్ డెర్బీ ఇక్కడి పెద్ద రేసు.

పరిగెత్తేవి థరోబ్రెడ్ జాతి గుర్రాలు. సుమారు 300 ఏళ్ల కిందట తూర్పు దేశాల నుంచి ఇంగ్లండ్‌కి తెచ్చిన కొద్దిపాటి మగ గుర్రాల నుంచి, అక్కడి ఆడ గుర్రాల నుంచి పుట్టిన జాతి. ప్రతి గుర్రానికీ వంశవృక్షం, ప్రతి రేసుకీ రికార్డు ఉంటాయి. అంటే మన భాషలో చెప్పాలంటే, శతాబ్దాలుగా ఎవరో ఓపిగ్గా ఎంట్రీలు చేస్తూ వచ్చిన డేటాబేస్ అన్నమాట.

హ్యాండిక్యాప్ అంటే

ఇక్కడ రెండు రేటింగులున్నాయి. రెండింటినీ కలిపేస్తే మొత్తం గందరగోళం.

మొదటిది క్లబ్ ఇచ్చేది. క్లబ్‌లో హ్యాండిక్యాపర్ అనే అధికారి ఉంటాడు. ప్రతి గుర్రం ఇప్పటిదాకా ఎలా పరిగెత్తిందో చూసి దానికి ఒక అంకె ఇస్తాడు. మన దేశంలో ఒక పాయింటుకి అర కిలో బరువు లెక్క. ఒక గుర్రం రేటింగ్ 60, ఇంకోదాని రేటింగ్ 48 అనుకోండి. తేడా 12 పాయింట్లు, అంటే 6 కిలోలు. మొదటిది 60 కిలోలు మోస్తే రెండోది 54 కిలోలు మోస్తుంది. ఈ బరువులో జాకీ, జీను కలిసే ఉంటాయి. జాకీ తేలిగ్గా ఉంటే తక్కువైనంత సీసం పెట్టి సరిచేస్తారు.

మా ఊళ్లో చిన్నప్పుడు పరుగు పందెంలో చిన్నపిల్లల్ని పది అడుగులు ముందు నిలబెట్టేవాళ్లు. ఇదీ అంతే. బలమైనదానికి బరువు పెంచి అందరినీ సమానం చేయడం. గెలిస్తే రేటింగ్ పెరుగుతుంది, వచ్చేసారి బరువు పెరుగుతుంది. వరసగా ఓడితే తగ్గుతుంది.

ఇందులో తమాషా గమనించారా? హ్యాండిక్యాపర్ తన పని నూటికి నూరు శాతం సరిగ్గా చేశాడంటే ఆ రేసులో గుర్రాలన్నిటికీ గెలిచే అవకాశం సమానంగా ఉండాలి. ఎక్కువ రేటింగ్ ఉన్న గుర్రం మీద డబ్బు పెట్టేవాడు, ఆ రేటింగ్‌ని కొట్టేయడానికే బరువు పెట్టారన్న సంగతి మర్చిపోతున్నాడు. కాబట్టి కంప్యూటర్ వెతకాల్సింది "మంచి గుర్రం ఏది" అని కాదు. "హ్యాండిక్యాపర్ ఇంకా గుర్తించని గుర్రం ఏది" అని.

అలా వెతకడానికి తయారుచేసుకునే సొంత అంకెలే రెండో రకం రేటింగులు. వీటి గురించే మిగతా కథ.

గడియారం అబద్ధం చెప్తుంది

అందరికీ ముందు తట్టే ఆలోచన టైమింగ్. తక్కువ టైములో పరిగెత్తిందే గొప్ప గుర్రం కదా? కాదు. ఉదాహరణకి నేను కల్పించిన అంకెలతో చూద్దాం.

1200 మీటర్ల రేసు. ఆ తరగతి గుర్రాలకి మామూలుగా పట్టే టైమ్ 72.0 సెకన్లు అనుకుందాం. దీన్ని పార్ టైమ్ అంటారు. 'ఎ' గుర్రం 72.6లో పూర్తి చేసింది. 'బి' గుర్రం ఇంకో రోజు 71.9లో పూర్తి చేసింది. చూడగానే 'బి' మేలు అనిపిస్తుంది.

కానీ 'ఎ' పరిగెత్తిన రోజు పొద్దున వాన పడింది. నేల మెత్తబడి, ఆ రోజు రేసులన్నీ సగటున 0.8 సెకన్లు ఆలస్యంగా నడిచాయి. 'బి' పరిగెత్తిన రోజు నేల గట్టిగా ఉండి, అన్నీ 0.3 సెకన్లు వేగంగా నడిచాయి. ఆ తేడాలు తీసేస్తే 'ఎ' అసలు టైమ్ 71.8, 'బి' అసలు టైమ్ 72.2. నిజానికి 'ఎ'నే 0.4 సెకన్లు ముందుంది. 72 సెకన్లకి 1200 మీటర్లంటే సెకనుకి దాదాపు 16.7 మీటర్లు. అంటే 0.4 సెకన్లకి 6.7 మీటర్లు. ఒక గుర్రం పొడవు సుమారు 2.4 మీటర్లు కాబట్టి, మూడు గుర్రాల పొడవుకి కొంచెం తక్కువ. రేసులో ఇది చాలా పెద్ద తేడా.

నేల ఎంత మెత్తగా ఉందో కొలవడానికి మన రేస్‌కోర్సుల్లో పెనెట్రోమీటర్ అనే పరికరం వాడతారు. అది చాలదు. ఆ రోజు ట్రాక్ ఎంత నెమ్మదిగా ఉందో తేల్చాలంటే పరిగెత్తిన గుర్రాల సత్తా తెలియాలి. గుర్రాల సత్తా తెలియాలంటే ట్రాక్ సంగతి తెలియాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుంటుంది. చేత్తో అయితే తల తిరుగుతుంది కానీ కంప్యూటర్‌కి ఇది మామూలు లెక్క. ప్రతి గుర్రానికీ ఒక అన్‌నోన్, ప్రతి రోజుకీ ఒక అన్‌నోన్, ప్రతి ఫలితం ఒక ఈక్వేషన్. తప్పు మొత్తం తక్కువయ్యేదాకా అన్నీ కలిపి సాల్వ్ చేయడమే. ఫస్టియర్ లీనియర్ ఆల్జీబ్రాలో చదివిన లీస్ట్ స్క్వేర్స్ ఇక్కడ పనికొస్తుంది.

అమెరికాలో ఆండ్రూ బేయర్ అనే జర్నలిస్టు ఇలాంటి స్పీడ్ అంకెల గురించి 1975లో 'పికింగ్ విన్నర్స్' అనే పుస్తకం రాశాడు. ఇంగ్లండ్‌లో టైమ్‌ఫామ్ అనే సంస్థ 1948 నుంచే గుర్రాలకి సొంత రేటింగులు ఇస్తోంది. అంటే ఆలోచన కంప్యూటర్ది కాదు, కాగితం పెన్నుల కాలం నాటిది. కంప్యూటర్ చేసింది వేగం పెంచడం, లెక్కలో మనసు కలవకుండా చూడటం.

అంకె నుంచి శాతానికి

ఇప్పుడు ప్రతి గుర్రానికీ టైమింగ్, మోసే బరువు, దూరం, జాకీ రికార్డు, ఎన్ని రోజుల విశ్రాంతి, ఏ గేటు నుంచి బయల్దేరుతుంది — ఇవన్నీ కలిపి ఒక స్కోరు వచ్చిందనుకుందాం. స్కోరు ఉంటే సరిపోదు, గెలిచే అవకాశం ఎంతో కావాలి. ఇక్కడ మనకి తెలిసిన స్నేహితుడే వస్తాడు: సాఫ్ట్‌మాక్స్. న్యూరల్ నెట్‌వర్క్ చివర్లో మనం పెట్టే లేయరే. దీన్నే స్టాటిస్టిక్స్ వాళ్లు మల్టినోమియల్ లాజిట్ అంటారు. 1986లో బోల్టన్, చాప్‌మన్ అనే ఇద్దరు దీన్ని గుర్రప్పందేలకి వాడి ఒక పేపర్ రాశారు.

నాలుగు గుర్రాలు, స్కోర్లు 1.0, 0.5, 0, మైనస్ 0.5 అనుకోండి. వాటికి ఎక్స్‌పొనెన్షియల్ కడితే 2.72, 1.65, 1.00, 0.61. మొత్తం 5.98. ఒక్కోదాన్ని ఆ మొత్తంతో భాగిస్తే అవకాశాలు సుమారు 45.5, 27.6, 16.7, 10.2 శాతం.

చూడండి, మొదటి గుర్రం స్కోరులో అందరికంటే ఎంతో ముందుంది. అయినా సగం కంటే ఎక్కువ సార్లు ఓడిపోతుంది! నాలుగే గుర్రాలుంటేనే ఇలా ఉంటే, పది పన్నెండు పరిగెత్తే రేసులో సంగతేంటి? కాబట్టి "పక్కా" అనే మాట వాడినవాడు మోడల్ నడపలేదని అక్కడే తెలిసిపోతుంది. నిజమైన మోడల్ శాతంలోనే మాట్లాడుతుంది.

ఆ శాతం సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? మోడల్ 30 శాతం అన్న గుర్రాలన్నిటినీ ఒకచోట చేర్చి చూడాలి. వందలో దాదాపు ముప్పై గెలిచి ఉండాలి. దీన్ని కాలిబ్రేషన్ అంటారు. అదీ పాత రేసుల మీద నేర్పించి, ఆ తర్వాత జరిగిన రేసుల మీద పరీక్షించాలి. డేటాని కలగాపులగం చేసి ట్రెయిన్, టెస్ట్ అని విడగొడితే, రేపటి సంగతి నిన్నటికి చెప్పేసినట్టవుతుంది. ఆ మోడల్ ల్యాప్‌టాప్‌లో అద్భుతంగా ఉంటుంది, బయట తుస్సుమంటుంది.

మావైపు సంక్రాంతికి సత్తుపల్లి, అశ్వారావుపేట దాటి ఆంధ్రా వైపు కోడిపందేలకి వెళ్లేవాళ్లు ఎక్కువ. అక్కడ కుక్కుట శాస్త్రం అని ఒకటుంది. ఏ రోజు డేగ గెలుస్తుంది, ఎప్పుడు కాకి, ఎప్పుడు నెమలి అని కోడి రంగుని బట్టి, తిథిని బట్టి చెప్తారు. అదీ ఒక రకం రేటింగే. కానీ ఓడితే "గడియ తప్పింది" అని సర్దుకుంటారు తప్ప, చెప్పినవాటిలో ఎన్ని తప్పాయో పుస్తకంలో రాసుకునేవాళ్లు తక్కువ. మోడల్‌కి, శాస్త్రానికి తేడా కంప్యూటర్ వాడటంలో లేదు. తప్పులకి కూడా లెక్క రాయడంలో ఉంది.

మరి డబ్బులెందుకు పోతాయి

ఇప్పుడు అసలు మెలిక. టోట్ అనే పద్ధతిలో అందరూ పెట్టిన డబ్బు ఒక కుండలో పడుతుంది. అందులోంచి క్లబ్బు వాటా, పన్నులు తీసేసి, మిగిలింది గెలిచిన గుర్రం మీద పెట్టినవాళ్లకి పంచుతారు. అంటే మీరు పోటీ పడేది గుర్రాలతో కాదు, క్లబ్బుతో కూడా కాదు. అక్కడున్న మిగతా జనంతో.

లెక్క చూద్దాం. కుండలో లక్ష రూపాయలు. తీసేసేది 20 శాతం అనుకుందాం, పంచడానికి మిగిలేది 80,000. మన మొదటి గుర్రం మీద జనం పెట్టింది 45,500. అది గెలిస్తే రూపాయికి దాదాపు 1.76 వస్తుంది. మన మోడల్ ప్రకారం గెలిచే అవకాశం 45.5 శాతం. 0.455ని 1.76తో గుణిస్తే 0.80. అంటే మోడల్ నూటికి నూరు కరెక్ట్. అయినా, దీర్ఘకాలంలో పెట్టిన ప్రతి రూపాయిలో 20 పైసలు పోతాయి!

ఎందుకంటే మోడల్‌కి తెలిసింది జనానికి అప్పటికే తెలుసు. లాభనష్టాలు లేకుండా బయటపడాలంటేనే ఆ గుర్రం అసలు అవకాశం 56.9 శాతం ఉండాలి, అదీ జనం 45.5 అని పొరబడి ఉండాలి. అంత పెద్ద పొరపాటు వేలమంది కలిసి రోజూ చేయరు.

మన దగ్గర పన్ను దీనికి తోడు. గుర్రప్పందేల మీద 2023 అక్టోబర్ 1 నుంచి పందెం మొత్తం మీద 28 శాతం జీఎస్టీ పెట్టారు. 2025 సెప్టెంబర్‌లో దాన్ని 40 శాతం చేశారు. ఇది గెలిచిన డబ్బు మీద కాదు, పెట్టిన డబ్బు మీద. పైన నేను 20 శాతానికే చేసిన లెక్క చూసి, మిగతాది మీరే ఊహించుకోండి.

హాంకాంగ్‌లో గెలిచినవాడు

"మరి గెలిచినవాళ్లు లేరా?" ఉన్నారు. విలియం బెంటర్ అనే అమెరికన్. 1980ల మధ్యలో అలన్ వుడ్స్ అనే ఆస్ట్రేలియన్‌తో కలిసి హాంకాంగ్ వెళ్లాడు. హాంకాంగ్ ఎందుకంటే, అక్కడున్నవి రెండే రేస్‌కోర్సులు. దాదాపు అవే గుర్రాలు మళ్లీ మళ్లీ అవే ట్రాకుల మీద పరిగెత్తుతాయి. డేటా శుభ్రంగా ఉంటుంది. కుండ కూడా చాలా పెద్దది. మన దగ్గర గుర్రాలు హైదరాబాద్, బెంగళూరు, మైసూరు, చెన్నై, పుణె, ముంబై అని తిరుగుతుంటాయి. ప్రతి ట్రాక్ తీరు వేరు.

అంత అనుకూలత ఉన్నా బెంటర్ మోడల్ మొదట్లో నష్టపోయింది. తర్వాత అతను చేసిన ముఖ్యమైన మార్పు ఏంటో తెలుసా? జనం పందేల్లో కనిపించే అవకాశాల్ని కూడా మోడల్‌లోకి ఒక ఇన్‌పుట్‌గా తీసుకున్నాడు. అంటే "నా కంప్యూటర్‌కి తెలియనివి జనానికి కొన్ని తెలుసు" అని ఒప్పుకున్నాడు. గుర్రం పొద్దున ఎలా నడిచింది, లాయంలో ఏం మాట్లాడుకుంటున్నారు — ఇవి డేటాబేస్‌లో ఉండవు, కానీ పెట్టే డబ్బులో ఉంటాయి. మోడల్‌ని, జనాన్ని కలిపితే వచ్చిన అంచనా విడివిడిగా రెండింటికంటే మెరుగ్గా ఉంది. 1994లో తన పద్ధతిని వివరిస్తూ పేపర్ కూడా రాశాడు.

ఇక్కడ ఒకటి గమనించాలి. సంవత్సరాల తరబడి డేటా, ఒక జట్టు, నష్టాలు తట్టుకునే పెట్టుబడి ఉంటే దొరికింది చిన్న తేడా. ఆ చిన్న తేడాని వేల రేసుల మీద గుణించుకున్నాడు. ఆ రహస్యాన్ని నెలకి 499 రూపాయలకి మనకి అమ్మాల్సిన అవసరం అలాంటివాళ్లకి ఉండదు.

గోదావరికి, గుర్రానికి తేడా

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. పైనున్న గేజ్‌ల లెక్కలు చూసి ఎన్ని గంటలకి ఎంత వస్తుందో ముందే అంచనా వేస్తారు. ఆ అంచనా మా ఊరందరికీ తెలుస్తుంది. తెలిసినందువల్ల దాని విలువ తగ్గుతుందా? తగ్గదు. పెరుగుతుంది. అందరం సామాన్లు సర్దుకుని గట్టున పడతాం. మనం ఏమనుకుంటున్నామో గోదావరికి పట్టదు.

రేసు రేటింగ్ దీనికి సరిగ్గా ఉల్టా. మంచి రేటింగ్ అందరి చేతికీ వచ్చిందంటే అందరూ అదే గుర్రం మీద పెడతారు. గెలిస్తే వచ్చేది తగ్గిపోతుంది. అంచనా ఇంకా నిజమే, కానీ దాని విలువ ఆవిరైపోయింది. కాబట్టి వేలమంది ఉన్న గ్రూపులో పంచే రేటింగ్, అది నిజంగా మంచిదే అయినా, పనికిరాదు. మా హాస్టల్ ఫ్రెండ్ అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే: కంప్యూటర్ గుర్రం గురించి చెప్పగలదు. నీకంటే ముందు అది ఎంతమందికి చెప్పిందో మాత్రం నీకు చెప్పదు.

"కానీ వాళ్లు చెప్పినవి మూడుసార్లు నిజమయ్యాయి కదా"

ఇది చాలామంది అనే మాట. దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు, భాగహారం చాలు. 512 మంది ఉన్నారు, రేసులో 8 గుర్రాలు. 64 మంది చొప్పున ఎనిమిది గుంపులు చేసి, ఒక్కో గుంపుకి ఒక్కో గుర్రం పేరు పంపితే, ఒక గుంపుకి కరెక్ట్ అవుతుంది. ఆ 64 మందిని మళ్లీ ఎనిమిది చేస్తే రెండో రేసుకి 8 మంది మిగులుతారు. మూడో రేసుకి ఒక్కడు. ఆ ఒక్కడి ఫోన్లో వరసగా మూడు నిజమయ్యాయి. వాడు నాలుగోసారి ఫీజు డబ్బు తీస్తాడు. మిగతా 511 మంది ఏం చూశారో వాడికి తెలియదు.

కాబట్టి ఎవరైనా ఏఐ రేటింగ్ అంటే మూడు విషయాలు అడగండి. ప్రతి గుర్రానికీ శాతం ఎంత? గెలిచినవీ ఓడినవీ కలిపి, రేసుకి ముందే రాసిపెట్టిన పూర్తి జాబితా ఎక్కడ? వాటా, పన్ను పోగా మిగిలింది ఎంత? మూడింటికీ జవాబు రాకపోతే అక్కడ మోడల్ లేదు.

చట్టం సంగతి కూడా రెండు ముక్కల్లో. గుర్రప్పందెం నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టు 1996లో లక్ష్మణన్ కేసులో చెప్పింది. దాన్ని చూపించి "ఇది జూదం కాదు" అంటుంటారు. కోర్టు చెప్పింది నైపుణ్యం ఉందని. మీకు ఉందని కాదు! ఇక డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది.

రేటింగ్ లెక్కలు మాత్రం నేర్చుకోవాల్సినవే. మినీ ప్రాజెక్టుకి టాపిక్ వెతుకుతున్నవాళ్లు చెస్ గేముల రికార్డులు తీసుకుని చూడండి, బోలెడన్ని ఉచితంగా దొరుకుతాయి. రేటింగ్ కట్టి, శాతంలోకి మార్చి, తర్వాతి సంవత్సరం గేముల మీద కాలిబ్రేషన్ గ్రాఫ్ గీయండి. మీ 70 శాతం నిజంగా 70 అవుతుందో లేదో చూసుకోండి. చాలాసార్లు 60కి పడిపోతుంది. ఎందుకు పడిందో వెతకడంలో సెమిస్టర్ మొత్తం గడిచిపోతుంది. ఖర్చు మాత్రం కరెంటు బిల్లే.